ముప్పై ఒకటో పేజీ

ఆ మధ్యాహ్నం ఫాల్ రివర్‌లో
మంచు కురిసి, కరిగి, మళ్లీ గడ్డకట్టింది.
సంతకాల గదిలో హీటర్ ఒక పక్కే పనిచేస్తోంది.
పేజీలు తిప్పడం నా ఉద్యోగం.
పసుపు చీటీ అంటించిన చోట వేలు పెట్టి
"ఇక్కడ" అంటాను.
అంతకంటే ఎక్కువ మాట్లాడటానికి నాకు జీతం లేదు.

జిల్ ఫుర్తాదో చేతులు ఇస్త్రీ ఆవిరి వాసన వేస్తున్నాయి.
ముప్పై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల కోట్ల మీద మరకలు
ఎక్కడివని అడగకుండా తీసినవాడు.
వైను, నెత్తురు,
ఒకసారి పెళ్లికొడుకు చొక్కా మీద ఎవరిదో లిప్‌స్టిక్.
పక్కన డియోలిండా
ముక్కు మీదికి జారిన కళ్లద్దాల్లోంచి
వడ్డీ అంకె ఒక్కటే చూసింది.
"కట్టలేకపోతే?" అంది.
"భవనం మాకు వస్తుంది. మీ ఇంటి జోలికి రాం,"
అన్నాడు మా లాయరు.
అది అబద్ధం కాదు.
ముప్పయ్యో పేజీ దాకా అబద్ధం కాదు.

ముప్పై ఒకటి వేరే కాగితం.
తనఖాతో కలిపి కుట్టరు దాన్ని, విడిగా పిన్ను కొడతారు.
నేలలో ఏముందో, నీళ్లలోకి ఏం దిగిందో,
మీకు తెలిసినా తెలియకపోయినా,
మీరు పోసినా, మీకు ముందువాడు పోసినా,
బ్యాంకుకి తగిలే ప్రతి సెంటూ మీరే భరిస్తారని.
అప్పు తీరినా.
భవనం చేయి మారినా.
"ఇక్కడ" అన్నాను.
ఇంటిపేరు చివర్లో ఆమెకి ఇంకు అయిపోయింది.
నా పెన్ను ఇచ్చాను.

తర్వాత సూట్లు తొడిగే మనుషులే తగ్గిపోయారు.
తొమ్మిదో ఏట తాళంచెవులు తెచ్చి నా బల్ల మీద పెట్టారు.
ఏడు. అందులో ఒకటి దేనిదో వాళ్లకే తెలియదు.
"అప్పూ పోయింది, కొట్టూ పోయింది,
ఇక రాత్రిళ్లు నిద్ర పడుతుంది" అని జిల్ నవ్వాడు.
పట్టింది.
ఆ వసంతంలోనే, మళ్లీ లేవనంత నిద్ర.

నిప్పు శేషం, అప్పు శేషం, పగ శేషం ఉంచొద్దన్నారు పెద్దలు.
మట్టి శేషం మాట ఎవరూ ఎత్తలేదు.

అమ్మకానికి పెట్టే ముందు బ్యాంకు నేలని పరీక్షించింది.
డ్రిల్లు దించిన కుర్రాడు
పన్నెండు అడుగుల దగ్గర ఆపి ముఖం తిప్పుకున్నాడు.
తియ్యటి వాసన.
మరకలు తీసే మందు నీళ్ల కంటే బరువట,
తేలదు, కరిగి పోదు,
బంకమన్ను దొరికేదాకా దిగి, దాని మీద పడుకుని
పక్కింటి బేస్‌మెంట్ వైపు మెల్లగా పాకుతుందట.
ఊరి మరకలు ఎక్కడికీ పోలేదన్నమాట.
జిల్‌వి ఎన్నో,
అతనికి ముందు అక్కడే కొట్టు నడిపిన లెవెస్క్‌వి ఎన్నో
ప్రయోగశాల చెప్పలేదు.
కాగితం అడగలేదు.

మూడు లక్షల పన్నెండు వేల డాలర్లు.
ఉత్తరం టైపు చేసింది నేనే.
'ఫుర్తాదో' అన్నచోట ఒక అక్షరం తప్పుపడితే
దిద్ది మళ్లీ ప్రింటు తీశాను.

ఆమె భర్త కోటు తొడుక్కుని వచ్చింది.
'రద్దు' ముద్ర పడిన ప్రోనోటు
ప్లాస్టిక్ కవరులోంచి తీసి గాజు కిందనుంచి తోసింది.
"చెల్లిపోయింది, చూడు."
చూశాను. ముద్ర నిజమైనదే.
"ఆ రోజు వేలు పెట్టి చూపించింది నువ్వే.
అందులో ఏముందో ఎందుకు చెప్పలేదు?"
చదివాను, చెప్పలేదు అనాలా,
చదవనేలేదు అనాలా,
రెండింట్లో ఏది చిన్న తప్పో తేల్చుకోలేక
కాఫీ కప్పు అందుకోబోయి చొక్కా చేతి మీద ఒలకబోసుకున్నాను.

ఆమె కళ్లు అక్కడికే వెళ్లాయి. అలవాటు.
"చల్లటి నీళ్లు" అంది. "ఇప్పుడే. అద్దు, రుద్దకు.
రుద్దితే లోపలికి దిగుతుంది."