ఊడిపోయిన చోట

మార్కాపురం దాటాక, పలకల గనుల తట్టు,
కాలనీవాళ్లు చందాలేసుకుని కట్టుకున్న విహారంలో
ఉత్తరపు గోడ నాకప్పజెప్పారు.
షట్టర్ల మీద ఎరువుల కంపెనీ పేర్లు రాసే చేతికి
నరకం వేసే పని.

భంతేగారు ఫోన్లో ఫోటో చూపించాడు.
ఏదో దూరదేశపు గుహ, ఎప్పటిదో గోడ.
ఇనప కొప్పెరలో మనుషులు
ఉడికే కందిబేడల్లా పైకీ కిందికీ.
ముళ్ల బూరుగు ఎక్కుతున్నవాడొకడు,
కిందినించి కుక్కలు, పైనించి కాకులు.
మంటలు మాత్రం ముద్దొచ్చేట్టున్నాయి,
పిల్లలు గీసిన తామరరేకుల్లా.
ఈటె పట్టుకున్న భటుడికి
భుజాలున్నాయి, పొట్ట ఉంది, కాలికి కడియం కూడా ఉంది.
మొహం లేదు.
అక్కడ సున్నం పెచ్చు ఊడిపోయింది.

"నీ ఇష్టం, ఏదో ఒకటి పెట్టు" అన్నాడాయన.

మూడు రోజులు కొప్పెరకే పోయాయి.
ఈలోపు జనం మొదలెట్టారు.
చీటీలు ఎగ్గొట్టిన రంగనాయకులు మొహం పెట్టమన్నాడొకడు.
నీళ్లు పడని బోరుకి డబ్బు గుంజిన రిగ్గు ఓనరుదని ఇంకొకడు.
ఎనిమిదో తరగతి పిల్లొకతె "మా లెక్కల సారు" అని చెప్పి
చెప్పులు వదిలేసి పారిపోయింది.

పేరమ్మ ఏమీ అనలేదు.
పొద్దున్నే వచ్చి గడపలో కూచునేది.
మాటకీ మాటకీ మధ్య దగ్గు,
దగ్గుకీ దగ్గుకీ మధ్య, ఆగమని వేలితో సైగ.
ఇరవయ్యేళ్లు పలకలు చీల్చిన మనిషి.
ఎక్కడెక్కడి పిల్లలో వాటి మీద అ ఆలు దిద్దారు.
ఆవిడది వేలిముద్ర.

"ఇందులో దుమ్మేదిరా?" అంది ఒకనాడు.
"మంట పెట్టావు, నూనె పెట్టావు.
అంత వెలుతురుంటదా నరకంలో?"

ఆ మధ్యాన్నం గని గట్టు మీంచి
డబ్బాడు పలకపొడి తెచ్చి జల్లెడ పట్టి
జిగురులో కలిపి మంటల మీద పూశాను.
గోడ దానంతటదే ముసలిదైంది.

"మరి మొహం?" అన్నాను.
చాలాసేపు దగ్గింది.
"మొహం మేమెప్పుడు చూశాం?
మేస్త్రీ తువ్వాలు కట్టుకునేవాడు, ముక్కూ నోరూ మూసి.
ఎర్రగళ్లది.
అదెందుకో మాకెవరూ చెప్పలా."

ఆ తువ్వాలు నాకు తెలుసు.
ఏడేళ్లప్పుడు బక్కెట్లో నానేసి తొక్కేవాణ్ణి.
మూడు నీళ్లు మారిస్తే గానీ ఎరుపు బయటపడేది కాదు.
నాన్న డెబ్బై తొమ్మిదో ఏట పోయాడు,
నిద్రలో,
ఒక్క దగ్గు కూడా లేకుండా.

నేనెవరి కొడుకునో పేరమ్మకి తెలుసో తెలీదో.
నేనడగలేదు. ఆవిడ గోడకేసే చూస్తోంది.

సన్న కుంచె తీసి
గళ్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ వేశాను.
పైన కళ్లు మిగిలాయి.
వాటికి ఫోటో అక్కర్లేదు,
గడ్డం గీసుకునేటప్పుడు రోజూ చూసేవే.

భంతేగారు వచ్చి ఫోన్ గోడకి ఆనించి
అటూ ఇటూ చూశాడు.
"ఇది అందులో లేదే?"

"ఊడిపోయిన చోట ఉండింది సామీ" అన్నాను.