చూళ్ళేదన్నా

చీమకుర్తి నుంచి రాయి దింపుకొచ్చే లారీకి
ఎడమ పక్క చూపు తక్కువ.
అక్కడ బిగించాం అరచెయ్యంత రాడార్,
నల్లరాయి దుమ్ము పడకుండా
టిఫిన్ డబ్బా మూత అడ్డం పెట్టి.

ముప్పై మీటర్ల అవతల పాతిన కర్రకి
రేకుల పని ఖాజావలి
నెయ్యిడబ్బా కోసి మడిచిచ్చిన మూడుమూలల రేకు.
తెరమీద అదొక్కటే చుక్క.
దాన్ని చూసి మూడు వారాలు మురిశాం,
మూడు వారాలు పోట్లాడుకున్నాం:
లోపల ఏ ఫ్రేమ్‌వర్క్ పెట్టాలి?

చిప్పు కంపెనీ ఇచ్చేది వండిన విస్తరి.
వంటింటి తలుపుకి మాత్రం తాళం.
పెద్ద కార్లవాళ్ళు వాడేది రిజిస్ట్రారాఫీసు:
ఒక అంకె ఈ గదిలోంచి ఆ గదిలోకి పోవాలన్నా
ఇద్దరు సాక్షులు, నాలుగు ముద్రలు.
లైసెన్సు డబ్బుతో
ఒంగోల్లో మా షెడ్డుకి పదేళ్ళు అద్దె కట్టొచ్చు.
మూడోది చిన్నది, ఊరికే వస్తుంది.
ఇటుకలిస్తుంది, గోడ మనమే లేపుకోవాలి.

నెలాఖరుకి డెమో, మొదటిదే అన్నాడు పెంచలరావు.
నేను కాగితం మీద గళ్ళు గీసి మార్కులేస్తున్నా.
మెమరీకి ఆరు, వేగానికి ఎనిమిది...

బుధవారం రాత్రి, సంతనూతలపాడు దాటాక
లైటు లేని మోపెడ్ ఒకటి ఎడమ నుంచి దూరింది.
మాల్యాద్రి చూశాడు గనక సరిపోయింది.
మా తెర
ఖాళీ రోడ్డు చూపిస్తూ పచ్చగా వెలుగుతోంది.

లాగ్ విప్పితే తెలిసింది,
లెక్క ఆలస్యమైన ప్రతిసారీ
పాత ఫ్రేమునే కొత్తదని చూపెట్టిందని.
నిన్నటి పప్పుకి ఇవాళ తాలింపు.

టీ బంకు దగ్గర మాల్యాద్రి ఊదుకుంటూ అన్నాడు:
"ముగ్గుర్ని మార్చా పాపా, క్లీనర్లని.
ఒకడు బో హుషారు.
ఎనక్కి తిరక్కండానే రైట్ రైట్ అనేవోడు.
ఇప్పుడున్నోడికి నత్తి. పని నిదానం.
కానీ కునుకు పడితే
చూ... చూళ్ళేదన్నా అంటాడు.
ఆ మాటినంగానే నా కాలు బ్రేకు మీదుంటది."

నా గళ్ళల్లో ఆ గడి లేదు.

మూడోదాన్ని ఎక్కించా.
ముందు రాసింది దూరాల లెక్క కాదు, వేగాల లెక్కా కాదు.
గడువు దాటితే ఎర్రదీపం, అంతే, పదకొండు లైన్లు.
డెమో తప్పింది.
పెంచలరావు నాలుగు రోజులు
నాతో ఈమెయిల్లోనే మాట్లాడాడు, పక్క కుర్చీలోంచి.

నెయ్యిడబ్బా రేకు ఇంకా వణుకుతూనే కనిపిస్తోంది.
స్టీరింగ్ పక్కన ఆ దీపం మాత్రం
ఉండుండి ఎర్రగా నత్తి పడుతుంది.
మాల్యాద్రి ఏమీ అనడు.
కాలు కదులుతుంది.