తరుగు

అర్ధరాత్రి దాటాక సముద్రాల అవతల
ఎవరో పెద్దమనుషులు బల్ల చుట్టూ కూర్చుని
వడ్డీ ఇంకో పావు దించుదామన్నారట,
నోట్లు ఇంకొన్ని వదులుదామన్నారట.

తెల్లారి షావుకారుపేట, తంగసాలై వీధిలో
నా కుంపటి రాజుకోకముందే
గ్రాముకు నూట డెబ్భై ఎక్కింది.
వెండి అయితే ఇంకా ఆగలేదు.

మేడమీద లలిత్ సేటు
ఫోన్లో తన షేర్లు చూసుకుని జిలేబీలు తెప్పించాడు.
నాకూ ఒకటి వచ్చింది,
నిన్నటి రేటు అచ్చయిన కాగితంలో చుట్టి.

ఆకురాయి పట్టి నలభై ఏళ్ళు.
బంగారం కరిగిస్తే తరుగు రాస్తాం,
తీగ లాగితే రాస్తాం, మెరుగు పెట్టినా రాస్తాం.
రూపాయిని అంత పొడుగు సాగదీశాక
పోయిన తరుగు ఏ చిట్టాలో రాస్తారో
అడుగుదామంటే
ఆ బల్ల దగ్గర నాకు పీట లేదు.

పదకొండింటికి మునెమ్మ వచ్చింది,
జలగడుగు మునెమ్మ, పొట్టి చీపురు, రేకు చేటతో.
గడప, మెట్లు, కాలవ అంచు
ఊడ్చిన మట్టిని చేటలో ఆడించి ఆడించి
"బంగారం పెరిగిందంట గదా ఆచారీ,
మరి దుమ్మెందుకు తగ్గిపోయింది?"

రేటు పెరిగితే గాజులు చేయించేవాళ్ళు ఆగుతారు,
వాళ్ళాగితే నా ఆకురాయి ఆగుతుందని
చెప్పబోయి మానేశాను.

ఆ రోజుకున్న ఒకే ఒక్క ముక్కుపుడకని
కావలసినదానికంటే రెండు పోట్లు
ఎక్కువే అరగదీశాను.

ఆ తరుగు
నా కూలిలో రాసుకున్నాను.