మిడ్డు ఏడు మీద

బెంగుళూరు బస్సులో
ఆంపుకి కూడా ఒక టికెట్ కొట్టినాడు కండక్టరు.
దాన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి
మొగిలి ఘాటు దిగేదాకా
పసిబిడ్డ తల పట్టుకున్నట్టు పట్టుకున్నా.
ఇరవై రెండు కిలోలు.
గుడిపాల జూస్ ఫ్యాక్టరీలో
మూడు మామిడి సీజన్ల ఓవర్‌టైము.

గ్రీంస్‌పేటలో మా మిద్దె మీది గది.
తొలి రాత్రి తలుపేసుకుని తిప్పినా:
గెయిను ఎనిమిది, బేసు తొమ్మిది,
ట్రెబుల్ ఎనిమిది, మిడ్డు ఒకటిన్నర,
రివర్బు ఎంతుంటే అంత.
గుజ్జు వాసన వదలని వేళ్లతో
ఒక్క తీగ మీటితే
ఎండిపోయిన నీవా నదికి వరదొచ్చినట్టు.
అన్నం గిన్నె మీద మూత అదిరిపోయిందని
కింద అద్దెకుండే కోమలమ్మ పొద్దున చెప్పింది.
పొగడ్త అనుకున్నా.

ఆదివారం. సంతపేట.
చెంగల్రాయులు సౌండ్ సర్వీసు గోడౌను.
హారన్ల గుట్ట, చుట్టలు చుట్టిన వైర్లు,
ఎవరి పెండ్లిదో సగం వెలిగే సీరియల్ లైట్ల తోరణం.
వాటి నడుమ మేము నలుగురం.

ఏసుపాదం నాలుగు లెక్కపెట్టినాడు.
మస్తాన్‌వలి బేసు గిటారు ఎత్తుకున్నాడు.
మునిలక్ష్మి మైకు దగ్గరికి లాక్కుంది.
నేను నా వరదను వదిలినా.

పాట అయిపోయింది.
"నువ్వెప్పుడు మొదలుపెడతావబ్బా?"
అడిగినాడు ఏసుపాదం.
ఎగతాళి కాదు. నిజంగానే అడిగినాడు.

వాల్యూము పెంచినా.
అప్పుడు మునిలక్ష్మి పెంచింది.
వలి పెంచినాడు.
ఏసుపాదానికి పెంచేదానికి గుండీ లేదు గనక
ఒక కర్ర విరగ్గొట్టినాడు.
ఎదురుగా టీ అంగడాయన షట్టరు సగం దించినాడు.
నేను మాత్రం యాడా లేను.

చెంగల్రాయులు బీడీ ఆర్పి లేచినాడు.
ముప్పై ఏండ్లుగా ఊరేగింపులకు, ఎలక్షన్లకు, చావులకు
మైకులు కట్టిన మనిషి.
గిటారు ఏ చేత్తో పట్టుకోవాలో కూడా తెలీదు.
వీధిలోకి పోయి నిలబడి
"ఇంకోసారి కానీండి" అన్నాడు.
అరపాటకే చెయ్యెత్తినాడు.
వచ్చి ఆంపు ముందర గొంతుక్కూర్చున్నాడు.

బేసు నాలుగుకి దించినాడు.
"అది వలీది."
ట్రెబుల్ అయిదుకి.
"అది ఆ ఇత్తడి తాంబాళాలది."
గెయిను మూడు. ఎందుకో చెప్పలా.
ఇంక మిగిలిన గుండీ, నేను పారేసిన దాన్ని,
ఏడు మీదికి లాగినాడు.
"ఇదెవురికీ వద్దంట. నువ్వు తీసుకో."

ఒక్కణ్ణే మీటి చూసినా.
థూ.
జలుబు చేసినోడు పేరు పెట్టి పిలిచినట్టు,
రేకు డబ్బా అడుగున గరిటె గీసినట్టు.
దీనికా మూడు సీజన్లు?

ఏసుపాదం మళ్లా నాలుగు.

ఏమని చెప్పేది.
కిక్కిరిసిన తిరపతి బస్సులో
ఎవరో మోకాళ్లు పక్కకు జరుపుకుని
"రా, కూచో" అన్నంత చోటు.
అందులో నేను.
ప్రతి తీగా వినపడింది.
రెండో చరణంలో ఏండ్ల తరబడి తప్పుగా పట్టే
ఎఫ్ కూడా వినపడింది, టీ అంగడి దాకా.
ఎనిమిది గెయిను కింద దాచుకున్న దొంగ వేలు అది.
మునిలక్ష్మి వెనక్కి తిరిగి చూసింది.
పాట ఆపలా.

తర్వాత సంచిలోంచి గోళ్లరంగు తీసి
ఒక్కో గుండీ పక్కన చుక్క పెట్టింది.
"ఇంటికి పోయి మళ్లా తిప్పుకోబోకు."

రాత్రి మిద్దె మీద పెట్టి విన్నా.
సన్నగా ఉంది, ఆకలితో ఉన్నట్టు ఉంది.
చెయ్యి బేసు మీదికి పోయింది కూడా.
ఎర్రచుక్క గరుకుగా వేలికి తగిలింది.

కింద కోమలమ్మ గిన్నె మూత కదల్లా.
ఎఫ్ పట్టుకున్నా, వదిలినా, పట్టుకున్నా.
ఏసుపాదం ఉండాల్సిన చోట
కాలితో నేల తడుతూ.