పరగడుపు

ఎంజీఎం గేటు బయట
పుష్య మాసపు చలిల
తాళ్ళపెల్లి కొంరమ్మ గంప దించుతది.
ఉడకవెట్టిన గేగులు,
పదింటికొక కట్ట, తాటీనె ముడి.
గంపకు ఆనిచ్చి ఒక అట్టముక్క,
మనుమడు స్కెచ్ పెన్నుతోని రాసిచ్చింది:
షుగరుకు మంచిది
మలబద్ధకానికి మంచిది
రక్తం పడుతది ఎముక గట్టివడుతది
ఆఖరికి జాగ చాలక
"క్యాన్స" కాడ అట్ట ఒడిసిపోయింది.

ఆమెకు అచ్చరం రాదు.
మొఖాలు చదువుతది.
కాలీడ్చుకుంట వచ్చిన ముసలాయనకు
"నరాలకు మందు నాయినా."
బాలింతరాలి తల్లికి
"పాలు పడుతయి బిడ్డా, రెండు కట్టలు తీస్కపో."
రిపోర్టు కవరు చంకల వెట్టుకొని
వర్ధన్నపేట బస్సెక్కాల్నో
మళ్ళ లోపలికి పోవాల్నో తెల్వక
నిలవడ్డ రాజమొగిలికి మాత్రం
ఏ రోగం పేరూ చెప్పలే.
ఒక గేగు ఒలిచి, నడుమకు చీరి,
"ముందుగాల తిను" అన్నది.
పైసలు అడగలే.

నేను లోపట రక్తం తీసేటోన్ని.
పందొమ్మిదేండ్ల సంది
సూది, గొట్టం, దూది.
ఏది మంచిదో చెప్పే కొలువు కాదు నాది,
ఎంతున్నదో అంకె వేసి పంపుడే.

మంగళారం పొద్దుగాల
ఓపీ చీటి పట్టుకొని లైన్ల ఆమె.
గంపను చెరుకురసం బండాయనకు అప్పజెప్పి వచ్చింది.
"పరగడుపేనా?"
"పరగడుపే సారూ. గేగు సుత ముట్టలే."
తాటిబెరడసొంటి చెయ్యి.
నరం దొరకవట్టడానికి మూడుసార్లు తట్టిన.
రాసినప్పుడు నా పెన్నే జర ఆగింది:
మూడు వందల పన్నెండు.

అంకెకు ఆమె బెదరలే.
"ఏటా తింటనే ఉన్న గద,
తినకపోతే ఎంతుండునో" అన్నది.
ఆ పరీక్షకు
నా దగ్గర గొట్టం లేదు.

దసర పోంగనే టెంకలేరి పాతరేస్తరట.
ఇసుక మన్ను కప్పి, నీళ్ళు జల్లి,
మూడు నెల్లు ఎవ్వలు ముట్టరట.
అన్ని గింజలు ఎండ దిక్కు లేస్తయి,
ఇది మాత్రం కిందికి దిగుతది,
చీకట్ల కూసొని పిండి కూడేసుకుంటది.
తవ్వితే గాని చేతికి రాదు,
ఉడికితే గాని పంటికి లొంగదు.
"గంత ఓర్సుకున్నది గద సారూ,
గుణం లేకుంటెట్ల?"
దూది మోచేతిల అదుముకుంట
గీ మాట అడిగింది నన్ను.
వెనుక లైన్ల ఎవలో దగ్గుతున్నరు.

మాత్రలు కొంగుల ముడేసుకొని
పోయి మళ్ళ గంప కాడ కూసున్నది.
చాయకని బయటికొస్తే పిలిచింది.
"షుగరని రాసింది ఏడున్నది, చూపియ్యి."
చూపిచ్చిన.
తుడవలే, చింపలే.
ఒక లావు కట్ట తీసి
ఆ అచ్చరాలకు అడ్డం నిలవెట్టింది.

డ్యూటీ దిగేసరికి
చౌరస్త దిక్కు లైట్లు పడ్డయి.
గంపల అంతా తాటీనె ముక్కలు,
ఒలిచిన పొట్టు,
అట్టకు అడ్డంగ ఆ ఒక్క కట్ట.
యాభైకి మీద పది ఇస్త నన్న.
"అది అమ్మకానికి లేదు సారూ."

అడుగున తప్పిపోయిన గేగొకటి దులిపి
నా చేతిల వెట్టింది.
"ఇగ ఇది తిను.
పొద్దటి సంది నువ్వే
పరగడుపునున్నట్టు కొడుతున్నవు."
దేనికి మంచిదో చెప్పలే.

కాజీపేట దాక బస్సుల
పండ్ల సందున ఇరికిన పీచును
నాలికెతోని తీస్తనే ఉన్న.