తరుగు

శనివారం రాత్రి ఏమీ ఉండదు.
ఆదివారం చర్చి నుంచి వచ్చి పలావు తింటుంది,
ఎముక చీకుతుంది, తమ్ముడి జుట్టు పీకుతుంది.
సాయంత్రం అయిదున్నరకి
డాబా మీద ఆరేసిన యూనిఫారం తెమ్మని
వాళ్ళమ్మ కేకెయ్యగానే
మెట్ల మీదే ముడుచుకుపోతుంది కెజియా.
"నొప్పి నాన్నా."
ఎక్కడంటే
బొడ్డు చుట్టూ వేలితో ఒక సున్నా చుడుతుంది.

ఎనిమిదేళ్ళ పిల్లకి
కొత్తపేటలో మూడు ఆసుపత్రుల ఫైళ్ళు.
రక్తం చూశారు, మూత్రం చూశారు,
లీటరు నీళ్ళు తాగించి స్కానింగు తీశారు.
చల్లటి జిగురు పొట్టకి రాస్తుంటే
నా చొక్కా గుండీ పట్టుకుని ఊడబెరికింది.
అన్ని కాగితాల చివరా ఒకటే మాట: నార్మల్.
చెప్పుకోకూడదు గానీ
చిన్న రాయో, ఏలికపామో
దొరికితే బాగుండనుకున్నాను.
దొరికినదాన్ని తీసెయ్యొచ్చు గదా.

మేం అవన్నీ నమ్మమన్నా వినకుండా
పక్కింటి మాణిక్యమ్మ దిష్టి తీసింది.
నిప్పుల్లో వేసిన కాయలకి ఘాటే రాలేదని
దగ్గుతూనే చెప్పింది.
అవి నేను యార్డు నుంచి తెచ్చిన తేజ రకం.
వీధి చివర ఇస్త్రీ బండివాడు కూడా దగ్గాడు.
పాస్టరుగారు నూనె రాసి ప్రార్థించారు.
"బడి ఎగ్గొట్టే నాటకాలు" అంది వాళ్ళమ్మ,
అని, వాము నీళ్ళు కాచి తెచ్చింది.

నేను మిర్చి యార్డులో కాటా గుమస్తాని.
పద్దెనిమిదేళ్ళుగా నా నోట అంకెలే.
టిక్కీ కాటా ఎక్కుతుంది, నేను అరుస్తాను:
గోతానికింత తరుగు,
తేమకింత,
తాలు కాయకింత.
రైతు నా పెదాలకేసి చూస్తూ నిలబడతాడు.
ఆ చూపు నాకు బాగా తెలుసు.
మా ఇంట్లో కూడా ఒకటి ఉందని తెలీదు.

అరండల్‌పేటలో డెబ్బై దాటిన డాక్టరమ్మ, జుబేదా గారు,
ఫైళ్ళు తెరవలేదు.
పొట్ట మీద చెయ్యి వేసి, నొక్కకుండా, ఊరికే ఉంచి
"ఈ నొప్పి బళ్ళో కూడా నీ పక్కనే కూర్చుంటుందా?" అంది.
కెజియా నా వైపు చూసింది.
డాక్టరమ్మా నా వైపు చూసి
కాసేపు బయట కూర్చోమంది.

తలుపుకి అద్దం ఉంది. మాటలు వినపడవు.
పిల్ల పెదాలు కదులుతున్నాయి,
ఎంతసేపు కదిలాయో!
మా ఇంట్లో ఆ పెదాలకి
"ఊ", "ఊహూ" తప్ప పనుండేది కాదు.

సోమవారం మార్కులు పైకి చదువుతారట.
తగ్గినవాళ్ళు లేచి నిలబడి
ఎన్ని తగ్గాయో తామే చెప్పాలట.
"అది సగం" అంది డాక్టరమ్మ.
"ఇంటికి రాగానే మీరు మొదట ఏమడుగుతారు?"

ఎన్ని.
చెప్పులు విప్పకముందే, ఎన్ని?
పదిహేడంటే, మిగతా మూడు ఎక్కడ పోయాయ్?
గోతాన్ని తిరగేసి దులిపినట్టు
దులిపేవాణ్ణి.

"నొప్పి అబద్ధం కాదు.
మనమే గదా, కడుపులో పెట్టుకో అంటాం.
పెట్టుకుంది."
చీటీ మీద మందేమీ రాయలేదు.
నాకు ఎందుకో అదీ కొంచెం కోపం వచ్చింది.

బడికి వెళ్ళి మాట్లాడాను.
"చూద్దాం" అన్నారు.
ఇంట్లో "ఎన్ని" అనే మాట మానేశాను,
రెండుసార్లు నోరు జారాను.
ఒక సోమవారం ఇడ్లీలు తిని వెళ్ళింది.

మొన్న ఆదివారం మళ్ళీ వచ్చింది.
మెట్ల మీద తను, పక్కన నేను,
ఒంటి నిండా నిన్నటి కారం ధూళి.
ఎంత నొప్పి అని అడగబోయి మింగేసి
ఎలాంటి నొప్పి అన్నాను.
చాలాసేపు ఆలోచించింది.
"గోతంలో పిల్లి ఉన్నట్టు."
"మూతి విప్పితే పోతుందా?"
"పోదు" అంది,
"కాసేపు కూర్చుంటది."