జనాభా బోర్డు

ఊరికి పేరు పెట్టినవాడు ఊరిని చూడలేదు.
విన్నిపెగ్‌లో ఒక గుమాస్తా, ముక్కుపొడుం పీలుస్తూ,
పటం మీది రైలుదారికి ఎనిమిది మైళ్ళకో చుక్క పెట్టి
ఇంగ్లీషు అక్షరాల వరసలో పేర్లు రాసుకుపోతున్నాడు.
క్యూ దగ్గర కలం ఆగింది.
పెళ్ళాం పుట్టింటిపేరు గుర్తొచ్చి గట్టెక్కాడు.
అలా పుట్టింది క్వెన్‌బీ.

చుక్క కింద ఖాళీ లేదని అతనికెవరూ చెప్పలేదు.
నడుములోతు గడ్డి ఉంది అక్కడ,
గడ్డిలో అడవిదున్నల ఎముకలు,
ఎముకల మధ్య దారి తెలిసిన క్రీ మనుషులు.
ఎముకలు టన్నుకింతని బేరమై
ఎరువుల మిల్లుకి బండెక్కాయి.
మనుషుల్ని ఉత్తరాన ఒక గీత గీసి
దానికి అవతల ఉండమన్నారు.
బోర్డు మీద తొలి అంకె వేసిన రోజు
వాళ్ళు లెక్కలోకి రాలేదు.

తొలి అంకె నలభై మూడు.
వేసినవాడు ఓలుఫ్ ట్వెయిట్, నార్వే వడ్రంగి,
గుర్రం తోకవెంట్రుకల కుంచెతో.
వసిలీనా హ్నాత్యుక్‌ని ఒకటిగా రాయాలా
ఒకటిన్నరగా రాయాలా అని కాసేపు నవ్వులాట.
ఆమెకి ఏడో నెల.
గడ్డితో సహా కోసిన మట్టిపెళ్ళల ఇల్లు ఆమెది.
బయట ఒకరోజు కురిసిన వాన
లోపల మూడు రోజులు కురిసేది.
మొగుడు గొడుగు పట్టుకుంటే పిండి పిసికేది.
పావడా అంచులో కుట్టి తెచ్చుకున్న వెల్లుల్లి రెబ్బల్ని
గోధుమ కంటే ముందు నాటింది.

తర్వాత అంకె పరిగెత్తింది.
రైలుపట్టా పక్కన ధాన్యపు గాదెలు ఐదు లేచాయి,
ఇరవై మైళ్ళ అవతల నుంచి కనిపించేంత ఎత్తు.
బండి దారి తప్పినవాడు వాటిని చూసి
గుర్రాన్ని తిప్పుకునేవాడు.
బ్యాంకు, బడి, మంచు మీద ఆటకో రేకుల కొట్టం,
మా గిమ్ హోటలు.

ఇంటిపేరే మా,
ముప్పై ఏళ్ళు ఆ ఊరు అతన్ని మావాడు అనలేదు.
ఐదొందల డాలర్ల తలపన్ను కట్టి దిగినవాడు,
భార్య కోసం మళ్ళీ అంత కూడబెట్టేలోపు
చట్టమే తలుపేసుకుంది.

ముప్పైలలో దుమ్ము లేచింది.
ముందు పొలాల్ని ఎత్తుకుపోయింది, తర్వాత మనుషుల్ని.
వడ్డించేదాకా బల్ల మీద పళ్ళాలు బోర్లించే ఉంచేవారు.
పెట్రోలు కొనలేక కారులోంచి ఇంజను పీకేసి
గుర్రాల్ని కట్టారు.
ఆ ఏళ్ళలో ఊరంతా మా గిమ్ దగ్గర అరువు తాగింది.
అతను పోయాక పద్దుపుస్తకం తెరిస్తే
అంతా చైనా లిపి.
ఒక్కరికీ చదవడం రాలేదు.
ఎవరి బాకీ ఎంతో వాళ్ళకే తెలుసు.
అంత పెద్ద శవయాత్ర ఆ ఊళ్ళో మళ్ళీ జరగలేదు.

ఆరువందల పన్నెండు. అదే శిఖరం.
ఆ పైన ఏ ఒక్క ఏడూ చావలేదు ఊరు,
మెల్లగా అరిగింది, సబ్బుబిళ్ళలా.
రైలు వారానికోసారి, తర్వాత ఎప్పుడో, తర్వాత లేదు.
నలభై కుటుంబాలు దున్నిన నేలని
ఒక్క ట్రాక్టరు, ఆకాశంలోని ఉపగ్రహాన్ని అడుగుతూ
తనంతట తనే దున్నుకుంటోంది.
చివరి గాదెని యంత్రం కొరికినప్పుడు
డెబ్బై ఏళ్ళ గోధుమపొట్టు గాల్లోకి లేచి
చూడ్డానికొచ్చిన అందరి భుజాల మీదా వాలింది.
దులుపుకోలేదు ఎవరూ.

ఇప్పుడు అంకెలు మార్చేది ఓలుఫ్ మనవరాలు సిగ్రున్,
ఎనభై నాలుగేళ్ళది.
ఎక్కువసార్లు ఆమె చెయ్యి కిందికే దిద్దింది.
రంగు మీద రంగు పడి
బోర్డు మధ్యలో వేలు మందాన ఉబ్బింది.

మొన్న ఫిబ్రవరిలో
మా గిమ్ హోటలు కొనుక్కున్న ఫిలిప్పీన్ జంట,
రొదేలియో, మారివిక్‌లకి ఆడపిల్ల పుట్టింది.
సున్నాకి ముప్పై ఒకటి కింద చలి, రంగు ఆరదు.
సిగ్రున్ నల్ల కరెంటు టేపు ముక్కలు కత్తిరించి
యాభై ఏడులోని ఏడుని ఎనిమిది చేసింది.
కొంచెం వంకరగా వచ్చింది.

చేతులు కాచుకోవడానికి హోటలుకెళ్తే
పెనం మీద వెల్లుల్లి వేగుతోంది.
"ఎక్కడిది?" అంది సిగ్రున్.
"పడిపోయిన ఆ హ్నాత్యుక్‌ల ఇంటి వెనక
దానంతటదే మొలుస్తుంటే, ఎండాకాలం తవ్వుకొచ్చా.
తప్పా?" అన్నాడు రొదేలియో.
ఆమె జవాబు చెప్పకుండా
పళ్ళెం ముందుకు జరిపింది.